నాయిన పెదవి మీది తెల్లరంగు

ఆ రోజు పొద్దున నేతగాళ్లుండే దాజీ పేట్‌లోని ఒక ఇంట్లో చాయ్ గిన్నె పొయ్యి మీది నుంచి దిగకముందే పంచాయితీ మొదలైంది. పంచాయితీ ముక్కు గురించి.

"నా ముక్కు గంత లావుందా?" అంది చంద్రభాగ, బీడీలకు తునికాకు కత్తిరించడం ఆపకుండానే.

కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్న పెంటప్ప ఎదురుగా తాను గీస్తున్న బొమ్మనూ, భార్యనూ మార్చి మార్చి చూశాడు. "ఉన్నదే గీసిన. సన్నముక్కు గావాల్నంటే పక్కింటి కిష్టయ్య పెండ్లాన్ని కూసోబెట్టుకుంట."

"కూసోబెట్టుకో. చాయ్ గూడ ఆమెనే పోస్తది."

జడ వేసుకుంటున్న తృప్తికి నవ్వాగలేదు. "నాయినా, ముక్కు నిజంగనే జర లావైంది."

"నువ్వు గూడ మీ అమ్మ దిక్కేనా బిడ్డా" అంటూ పెంటప్ప కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. కొన్నాళ్లుగా పొద్దున పూట కడుపులో మెలిపెడుతోంది. చంద్రభాగ ఏమీ అడగకుండానే లేచి వాము నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. అంత సేపు అతన్ని తిట్టిన మనిషే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది.

పెంటప్ప బతుకంతా టవల్ కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. మోకాళ్లు అరిగిపోయాయి. కొన్నాళ్లకు షావుకారు సాంచెలను తుక్కుకు అమ్మేశాడు. ఆ తర్వాత పెంటప్ప గడప మీద కూర్చుని గల్లీలోకి చూస్తూ ఉండిపోయేవాడు. పిలిస్తే పలికేవాడు, అడిగితే తినేవాడు, అంతే. ఆర్ట్ కాలేజీలో చదివే తృప్తి ఒక ఆదివారం తన నూనె రంగుల డబ్బా తెచ్చి, ఊరికే తోడు కోసం అతని చేతికి ఒక బ్రష్ ఇచ్చింది. మొదట టవల్ అంచుల మీది పూలు వేశాడు. తర్వాత నెమళ్లు. ఇప్పుడు భార్య. మొహం అయిపోయింది, జుట్టు మిగిలింది. నెరిసిన వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా వెయ్యాలని అతని పట్టుదల.

ఆ మధ్యాహ్నం కాలేజీలో అమోల్ సర్ రంగుల ట్యూబులు బల్ల మీద పరిచి, వెనక రాసినవి చదివించాడు. కొన్ని తెల్లరంగుల్లో సీసం ఉంటుందన్నాడు. కొన్ని ఎరుపుల్లో, పసుపుల్లో కాడ్మియం ఉంటుందన్నాడు. చేతికంటితే సబ్బుతో కడుక్కోవాలి, టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీ తెరవాలి, రంగు చేతులతో ఏదీ తినకూడదు. "బ్రష్ మాత్రం ఎప్పుడూ నోట్లో పెట్టొద్దు" అన్నాడు చివరికి. "సీసం ఒంట్లో చేరితే కడుపు నొప్పి వస్తుంది, నరాలు దెబ్బతింటాయి. ఒక్కరోజులో తెలియదు."

తృప్తికి ఆ తర్వాతి పాఠం వినబడలేదు. ఆమె డబ్బాలోని తెల్లట్యూబు మంగళవారం బజారులో, ఒక బోర్డుల పెయింటర్ వదిలేసిన పాత సామానులో కొన్నది.

ఇంటికి పరుగున వచ్చేసరికి పెంటప్ప బొమ్మ మీదికి వంగి ఉన్నాడు. ఒక వెంట్రుక గీశాడు. బ్రష్‌ను పెదవుల మధ్య పెట్టి సన్నగా లాగాడు. కొస సూదిలా తేలింది. ఇంకో వెంట్రుక గీశాడు. కింది పెదవి మీద తెల్లటి మరక.

అలా నోటితో లాగడం ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కార్ఖానాలో దారం చుట్టిన కండె అయిపోతే, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో అతను కొత్త కండె పెట్టి, నాడె కన్నానికి నోరు ఆనించి దారాన్ని పీల్చి బయటికి లాగేవాడు. గల్లీలోని నేతగాళ్లంతా అంతే. అందుకే బ్రష్ నోటికి పోతుంటే ఆమెకు ఇన్నాళ్లూ వింతగా కనబడలేదు.

ఆమె వెళ్లి బ్రష్ లాగేసుకుంది.

"ఏందే?" అన్నాడు పెంటప్ప బిత్తరపోయి.

"నోట్లె పెట్టకు నాయినా. అది విషం."

"నేనెక్కడ పెట్టిన?"

"ఇప్పుడే పెట్టినవ్. నేను చూసిన."

"పెట్టలే. రంగు తినడానికి నేనేమన్న పిచ్చోన్నా?"

విషం అన్న మాట చెవిన పడగానే చంద్రభాగ చాట పక్కన పెట్టి లేచింది. తృప్తి ట్యూబు వెనక సీసం అని ఉన్న అక్షరాలు చూపించి సర్ చెప్పిందంతా చెప్పింది. చంద్రభాగ మొహం మారిపోయింది. "అందుకే రోజూ కడుపునొప్పి. ఆ డబ్బా ఇటియ్యి, ఇప్పుడే పారేసొస్త. బస్, చాలు, ఇంక రంగులు నక్కో, వద్దే వద్దు."

"ఊకె పారెయ్యొద్దమ్మా, సర్‌కు ఇస్త. నాయినా, రేపు దవాఖానకు పోయి రక్తం చూపిచ్చుకుందం."

"నాకేం రోగం? నేను రాను." పెంటప్ప స్టూలు మీది నుంచి లేచాడు. "కార్ఖానా పోయింది. ఇది గూడ తీస్కపోండ్రి. మల్ల గడప మీద కూసుంట, మీకు నిమ్మలంగ, సుకూన్‌గ ఉంటది."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాత్రి రొట్టె సగమే తిన్నాడు. చెయ్యని తప్పు నెత్తిన వేశారన్న బాధ ఆ వీపులో కనబడుతోంది. ఎందుకు అబద్ధమాడుతున్నాడో తృప్తికి అర్థం కాలేదు.

మర్నాడు ఆమె పాత తెల్లట్యూబును సర్‌కు అప్పగించి, సీసం లేని కొత్త తెల్లరంగు తెచ్చింది. "ఇది వాడు నాయినా. కాని ఏ రంగైనా నోట్లెకు పోవద్దు."

"పోతలేదని చెప్పిన గద."

అప్పుడు చంద్రభాగ పెట్టెలోంచి పాత నల్లచీర ముక్క తీసింది. తంబాకు జల్లెడ పట్టేటప్పుడు తాను కట్టుకునే పద్ధతిలోనే దాన్ని మొగుడి ముక్కూ నోరూ మూసి వెనక ముడి వేసింది. "పెట్టలేదంటివి గద. ఇది గట్కోని గియ్యి. నీ మాట నిజమైతే గుడ్డ నల్లగనే ఉంటది. అప్పుడు నేనే నీకు తప్పైందని చెప్త."

"కట్టు. ఇంకా గట్టిగ కట్టు" అన్నాడు పెంటప్ప రోషంగా. "చూస్తరు గద."

గుడ్డ అడ్డం ఉన్నా కాసేపటికి పనిలో పడిపోయాడు. చంద్రభాగ ఎప్పటిలాగే ఎదుట కూర్చుని బీడీలు చుట్టింది. తల్లీ కూతురూ ఓరకంట చూస్తున్నారు. బ్రష్ లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది. కిటికీలో వెలుగు తగ్గాక అతను ముడి విప్పుకున్నాడు.

"చూడుండ్రి" అంటూ గుడ్డను తనే ముందు చూసుకున్నాడు.

సరిగ్గా నోరు ఆనినచోట తెల్లచుక్కలు. ఒకదాని మీద ఒకటి పడి ముద్దలా అతుక్కున్నాయి. పెంటప్ప ఆ గుడ్డను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిన్ని సార్లా?"

గుడ్డను తృప్తి వైపు చాపాడు.

"నాకు తెల్వనే తెల్వదు బిడ్డా. తెలిస్తే నీతోని అబద్ధమాడుతనా?"

తృప్తి ఆ గుడ్డను అందుకుంది. నిన్నటి నుంచీ ఆమె అబద్ధం అనుకున్నది అబద్ధమే కాదు. సాంచెలు తుక్కుకు పోయినా, నాడె ఇంకా అతని పెదవుల దగ్గరే ఉంది.

"కార్ఖానాల ఎర్రదారం, పచ్చదారం, నల్లదారం... ఎన్ని పీల్చిన్నో" అన్నాడు పెంటప్ప. అతని కళ్లు తడిసిపోయాయి. "అప్పుడు గూడ ఎవరన్న గిట్ల గుడ్డ కట్టి చూపిచ్చుంటే బాగుండు."

చంద్రభాగ ఎదురు మాట అంటుందని తృప్తి అనుకుంది. కానీ ఆమె దగ్గరికి జరిగింది. కొంగుతో మొగుడి గడ్డం తుడిచింది, అక్కడ ఏ రంగూ లేకపోయినా. "ఇప్పుడు కట్టెటోళ్లం ఉన్నం గద."

పెంటప్ప ముక్కు చీదుకున్నాడు. "రేపు దవాఖానకు పోదం. మీ అమ్మను గూడ రమ్మను. సూది గుచ్చుతుంటే చెయ్యి పట్టుకునెటోళ్లు గావాలె."

"ఇందాక మొగోని లెక్క గట్టిగ కట్టు అన్నదెవరో" అంది చంద్రభాగ.

తృప్తి లైటు వేసింది. "నాయినా, కొస సన్నగ గావాల్నంటే గిట్ల చెయ్యాలె" అంటూ అతని చెయ్యి పట్టుకుని, బ్రష్‌ను పాత గుడ్డ మీద వాల్చి మెల్లగా తిప్పింది. కొస తేలింది. నోటితో తేలినంత సన్నగా కాదు. పెంటప్ప పెదవి విరిచాడు.

బొమ్మలో చెవి పక్కన ఒక్క వెంట్రుక మిగిలింది. అతను దాన్ని చూసుకుంటూ, అలవాటుగా బ్రష్ పైకెత్తాడు. మొహానికి ఏ గుడ్డా లేదు. తల్లీ కూతురూ ఊపిరి బిగబట్టారు.

బ్రష్ గడ్డం దాకా వచ్చి ఆగింది. పెంటప్ప దాన్ని అక్కడే పట్టుకుని, దొంగను పట్టేసినవాడిలా గర్వంగా భార్యవైపు చూశాడు. తర్వాత కిందికి దించి, గుడ్డ మీద తిప్పి, ఆ వెంట్రుక గీశాడు. అది కాస్త లావుగానే వచ్చింది.

"పర్వాలేదు" అంది చంద్రభాగ, బొమ్మ దగ్గరికి వచ్చి. "నా ముక్కుకు సరిపోయింది."