గుప్పెడు బియ్యంలో నీలం పూస

"నాయనమ్మా, ఈ బియ్యం ఎవరు తింటారు?"

స్కూలు బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది. చెప్పు ఒకటి గుమ్మంలో, రెండోది పెరట్లో. అయినా సరే, మహిమకి ముందు జవాబు కావాలి.

నాయనమ్మ సువార్తమ్మ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి, గూట్లో ఉన్న రేకు డబ్బాలో వేసింది. వండిన ప్రతిసారీ ఇంతే. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్తుంది. వీధిలో ఆడవాళ్ళందరి డబ్బాలూ అక్కడ ఒకే సంచిలో పడతాయి. ఆ సంచి తర్వాత ఎవరింటికి చేరుతుందో పాస్టరమ్మ గారికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఆకలైనోళ్ళు తింటారే."

"అదే, ఎవరు?"

"నీకెందుకే ఆరాలు! పోయి కాళ్ళు కడుక్కో."

ఆరాలంటే మహిమకి ప్రాణం. చీమల బారు ఎక్కడికి పోతోందో చూస్తానని దాని వెంటబడి, మిరపకాయలు ఆరబోసిన కల్లం దాకా వెళ్ళి, తుమ్ముకుంటూ తిరిగొచ్చిన ఘనురాలు. అలాంటి పిల్ల బియ్యం సంచిని ఊరికే వదులుతుందా?

శనివారం ఎవరూ చూడకుండా డబ్బా మూత తీసింది. పట్నం వెళ్ళినప్పుడు బ్రాడీపేటలో అత్త కొనిచ్చిన పూసల గొలుసు తెగిపోతే, ఒక పూస దాచుకుంది. తెల్ల చుక్క ఉన్న నీలం గాజుపూస. అలాంటిది ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. దాన్ని బియ్యంలోకి నొక్కి, మూత పెట్టేసింది.

ఇక అక్కణ్ణుంచి కనిపించిన ప్రతి ఇంటి చాటలోకీ, చెత్తబుట్టలోకీ తొంగి చూడటమే పని. పూస జాడ లేదు.

ఒకరోజు లెక్కల క్లాసులో, పక్కన కూర్చున్న రుక్సానా స్కేలు అందుకోవడానికి చెయ్యి చాపింది. మణికట్టుకి నల్ల దారం. దారానికి నీలం పూస!

"దొరికింది!" మహిమ బెంచీ మీంచి ఎగిరి గంతేసింది. "అది నా పూసే! చర్చి బియ్యంలో నేనే వేశా! అయితే ఆ బియ్యం మీ ఇంటికే వచ్చాయన్నమాట!"

క్లాసంతా ఇటు తిరిగింది.

"ఒరేయ్, రుక్సానా వాళ్ళు దానం బియ్యం తింటన్నార్రా!" అని వెనక బెంచీలోంచి వీరబాబు అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

కోటేశ్వరి టీచరు వీరబాబుని గట్టిగా కసిరారు. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. రుక్సానా ముఖం ఎర్రబడింది. దారం తెంపి, పూసని బెంచీ మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

రుక్సానా వాళ్ళ నాన్న కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల బస్తాలు మోసేవాడు. బస్తా మీద పడి కాలు విరిగి, కట్టుతో మంచం మీదున్నాడు. ఆ సంగతి మహిమకి తెలుసు. మరి వాళ్ళింట్లో అన్నం ఎలా అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. అన్ని ప్రశ్నలు అడిగే పిల్ల ఆ ఒక్కటీ అడగలేదు, పాపం.

మర్నాడు రుక్సానా బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మహిమ ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళింది. రుక్సానా అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"రుక్సీ, బడికి రావా?"

"ఎందుకొచ్చావ్? మా వంటింట్లో ఇంకా నీవేమన్నా ఉన్నాయేమో వెతుక్కోడానికా?"

మహిమ వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చి, నాయనమ్మ ఒళ్ళో తలపెట్టి, పూస సంగతంతా చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. నాయనమ్మ తిడుతుందనుకుంది. ఆమె తిట్టలేదు. జుట్టు నిమిరింది.

"నేను నీ అంతప్పుడు మా అయ్య పోయాడే. అమ్మకి పత్తి తీసే కూలి దొరికిననాడే పొయ్యి వెలిగేది. ఆదివారం చీకటి పడ్డాక మా గుమ్మంలో ఎవరో బియ్యం పెట్టిపోయేవాళ్ళు. ఆ గుప్పెళ్ళు ఎవరెవరివో ఇప్పటికీ నాకు తెలీదు."

మహిమ ఏడుపు ఆపింది. "తెలుసుకోవాలనిపించలేదా?"

"తెలిసుంటే తిరిగిచ్చేసి చేతులు దులుపుకునేదాన్ని. తెలీలేదు కాబట్టే ఇంకా ఇస్తన్నా."

"మరి వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవుగా?"

"దేవుడికి గుర్తుంటాయిగా. పరలోకం వెళ్ళాక వాళ్ళని చూపించమని ఆయన్నే అడుగుతా." సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంది.

మహిమ ఆలోచించింది. "నాయనమ్మా, నీ సంగతి మా క్లాసులో చెప్పొచ్చా?"

"చెప్పు. నాకేం సిగ్గు!"

మర్నాడు మహిమ టీచరుని అడిగి, బోర్డు ముందు నిలబడింది.

"మా నాయనమ్మ కూడా చిన్నప్పుడు ఆ బియ్యమే తిన్నది. అవి లేకపోతే మా నాన్న లేడు, నేనూ లేను. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి. రుక్సానా సంగతి అందరిముందూ అరిచింది నేను. తప్పు నాదే."

ఎవరూ నవ్వలేదు. వీరబాబు తల దించుకున్నాడు. వాడి ఇల్లు రుక్సానా ఇంటి పక్కనే. ఆ సాయంత్రం ఈ మాటలన్నీ వాడే మోసుకెళ్ళాడు.

మర్నాడు రుక్సానా వచ్చింది. పొద్దున బెంచీ చివర కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత మెల్లగా దగ్గరికి జరిగింది. మహిమ నీలం పూసని ఆమె చేతిలో పెట్టింది.

"ఉంచుకో. నీకే దొరికింది."

రుక్సానా గుప్పిట మూసుకుంది.

మిరపకోతలు ముగిశాయి. రుక్సానా వాళ్ళ నాన్న మళ్ళీ పనిలోకి వెళ్తున్నాడు. ఒక సాయంత్రం సువార్తమ్మ బోరింగు దగ్గరికి వెళ్ళినప్పుడు, రుక్సానా గుప్పిట బిగించుకుని మహిమ వాళ్ళింటికి పరుగున వచ్చింది. చేతికి నీలం పూస ఉంది. తిన్నగా గూటి దగ్గరికి వెళ్ళి, డబ్బాలో గుప్పెడు బియ్యం పోసింది.

"మా అమ్మ వేసి రమ్మంది. ఎవరిదో చెప్పొద్దంది," అని మహిమ చెవిలో చెప్పి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

సువార్తమ్మ వచ్చి, రాత్రి వంటకి బియ్యం కొలిచి, డబ్బా మూత తీసింది.

"ఇదేంటే! మన సన్నబియ్యం మీద ఈ లావు గింజలు ఎవరేశారే?"

మహిమ నాలుక దురద పెట్టింది. పెదాలు గట్టిగా బిగించింది. నాయనమ్మ గుప్పెడు కూడా డబ్బాలో పడేదాకా ఆగి, మూత పెట్టేసింది.

"నీకెందుకు నాయనమ్మా ఆరాలు! పోయి కాళ్ళు కడుక్కో."