వానలోనే చూపిస్తాను

“ఈరోజు కుదరదండీ. ఎండగా ఉంది,” అంది ఆమె, ఫైలులోంచి తల ఎత్తకుండానే.

అతను వెనక్కి తిరిగి గుమ్మంలోంచి బయటికి చూశాడు. కొండలు ఉతికి ఆరేసినట్టున్నాయి. మళ్ళీ ఆమె వైపు తిరిగాడు.

“ఎండగా ఉంటే ఇల్లు చూపించరా?”

“చూపించను. వాన పడ్డప్పుడు రండి.”

“నేను చూసిన బ్రోకర్లంతా ఎండ కోసం ఎదురుచూస్తారే.”

“వాళ్ళ దగ్గరికే వెళ్ళొచ్చు. వీధి చివర ఒకాయన ఉన్నాడు. కాఫీ ఇచ్చి మరీ చూపిస్తాడు. అది చల్లారేలోపు అడ్వాన్స్ తీసుకుంటాడు.”

“నాకు పై మలుపులో ఉన్న ఇల్లే కావాలి. అది మీ చేతిలోనే ఉందట.”

అప్పుడు తలెత్తింది. పై మలుపు ఇల్లు కావాలని ఎవరైనా నోరు తెరిచి అడిగి చాలా కాలమైంది.

“మీరేం చేస్తుంటారు?”

“వాతావరణ కేంద్రంలో పని. ఈమధ్యే ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను. వాన ఎప్పుడు పడుతుందో చెప్పడం నా ఉద్యోగం.”

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. “ఇంకేం మరి. వాన ఎప్పుడో చెప్పండి, ఇల్లు అప్పుడు చూపిస్తా.”

“గురువారం మధ్యాహ్నం.”

ఒక్క క్షణం కూడా ఆగకుండా చెప్పాడు. ఆ గొంతులోని గర్వం ఆమెకు బాగా తెలిసినదే. రోజూ తన గొంతులో వింటున్నదే.

ఆఫీసు బోర్డు మీద వాళ్ళ నాన్న పేరు, దాని పక్కన ‘అండ్ సన్’ అని ఉంటుంది. ఆమె పుట్టకముందే, పుట్టబోయేది మగపిల్లాడేనన్న ధీమాతో ఆయన రాసుకున్న బోర్డు అది. పుట్టింది ఈమె. బోర్డు మారలేదు. “సన్ గారు ఉన్నారా?” అని అడిగిన కొత్తవాళ్ళకి “నేనేనండీ, కూర్చోండి” అని చెప్పడం ఆమెకు అలవాటైపోయింది. పోయినేడాది ఏదో మాటల్లో నాన్న, “ఆ పై మలుపు ఇల్లు అమ్మి చూపించు తల్లీ, బోర్డు మార్చేస్తా” అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆమె నవ్వుతూ వినలేదు.

గురువారం మధ్యాహ్నం అతను రెయిన్‌కోటుతో, గొడుగుతో, మోకాళ్ళ దాకా బూట్లతో వచ్చాడు. ఆకాశంలో పిట్ట తప్ప ఏమీ లేదు. ముగ్గురూ ఆఫీసులో కూర్చున్నారు. నాన్న మాటిమాటికీ కిటికీలోంచి చూసి, పాపం అన్నట్టు అతని వైపు చూస్తున్నాడు.

“బూట్లు బాగున్నాయి బాబూ.”

“థాంక్సండీ.”

“వాతావరణం గారూ, టీ తాగుతారా?” అని అడిగింది ఆమె. “లోపలైనా కాస్త తడి తగులుతుంది.”

యంత్రం మీద నెపం పెడతాడనీ, కొండల్లో ఇంతేనంటాడనీ అనుకుంది. అతను టీ తాగి, కప్పు కింద పెట్టి, “తప్పు చెప్పాను. ఆదివారం” అన్నాడు.

ఆదివారమూ పడలేదు. ఆ తర్వాత చెప్పిన రోజునా పడలేదు. అయినా వస్తూనే ఉన్నాడు. బూట్లు మాత్రం మానేశాడు.

“అతనికి కావలసింది ఇల్లా, వానా?” అన్నాడు నాన్న ఒక సాయంత్రం షట్టరు దించుతూ.

“ఏమో నాన్నా.”

“నాకైతే ఆ రెండూ కాదనిపిస్తోంది.”

“తాళం సరిగ్గా పడిందో లేదో చూడు.”

వానలోనే చూపించాలన్న పట్టుదల ఆమెకు ఊరికే రాలేదు. చిన్నప్పుడు నాన్నతో ఇళ్ళు చూపించడానికి వెళ్ళేది. నాన్న మాటల్లో పెట్టి, కొనడానికి వచ్చినవాళ్ళ వీపు ఎప్పుడూ చెమ్మ గోడ వైపు ఉండేలా నిలబెట్టేవాడు. అది ఆయన నేర్పు. కానీ వాళ్ళది ఒకటే వీధి ఉన్న ఊరు. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. పాలకి వెళ్ళినా పోస్టాఫీసుకి వెళ్ళినా, అమ్మినవాడూ కొన్నవాడూ బతికినంతకాలం ఎదురుపడుతూనే ఉండాలి. వానాకాలం వచ్చాక కొందరు కనబడితే నాన్న చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేవాడు. ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తున్న పిల్లకి ఆ వంగడం అర్థమైంది. తను మాత్రం ఎవరి ముందూ చెప్పు సరిచేసుకోకూడదని ఆనాడే అనుకుంది.

అనుకున్నట్టే బతుకుతోంది. అమ్మిన ఇళ్ళు తక్కువ. కానీ ఆ ఒక్క వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి తలెత్తుకుని నడుస్తుంది.

వాన వచ్చింది. చెప్పాపెట్టకుండా, కొండ విరుచుకుపడ్డట్టు వచ్చింది. వీధి కాలువైపోయిన కాసేపటికి అతను ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“ఈరోజు పొడిగా ఉంటుందని కదా చెప్పారు?”

“చెప్పాను. అందుకే గొడుగు తెచ్చుకోలేదు.”

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. తన మాట తనే నమ్మి ఇంతగా తడిసిన మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు. తాళాలు తీసుకుంది. గొడుగు ఒకటే ఉంది. సగం ఆమె మీద, సగం అతని మీద పట్టుకుంటే ఇద్దరూ నిండా తడిశారు.

పై మలుపు ఇంట్లో ఆమె ఒక్కొక్కటే చూపించింది. “ఇదిగో, వంటగది మూల కారుతుంది. ఈ కిటికీ గాలికి ఈల వేస్తుంది, రాత్రంతా వేస్తుంది. మెట్లు పాచి పడతాయి. మీరు లోయ చూడాలని వచ్చుంటారు, ఆ కిటికీలోంచి చూడండి.”

చూశాడు. కిటికీకి దూది కుక్కినట్టు తెల్లటి పొగమంచు.

“వానాకాలమంతా ఇంతే,” అంది. ఆ మాటలో విజయం ఉంది.

“అయిపోయాయా?”

“అయిపోయాయి.”

“మంచిది ఒక్కటీ లేదా?”

“అది కొనేవాళ్ళు చూసుకోవాలి.”

అతను చొక్కా అంచు పిండుకుంటూ నెమ్మదిగా అన్నాడు. “చెడ్డది చెప్తే మీకు పోయేదేం లేదండీ. నేను వద్దంటే ముందే చెప్పాను కదా అనుకుంటారు. మంచిది చూపించాక వద్దంటే నొప్పి. అందుకని చూపించరు.”

ఆమెకు కోపం వచ్చింది. అతను అన్నది అబద్ధమైతే వచ్చే కోపం కాదది. అంతసేపూ నిజాయితీ అనుకుంటున్న దాని వెనక ఎవరో దీపం పట్టుకుని నిలబడితే, అక్కడ నక్కి కూర్చున్న చిన్నపిల్ల కనబడినట్టయింది.

“రండి,” అంది చివరికి.

వంటగది వెనక ఇరుకు మెట్లెక్కితే, కప్పు కింద ఒక చిన్న గది. వెనక కొండరాయి అడ్డం ఉండటం వల్ల అక్కడికి ఈదురుగాలి రాదు. రేకు మీద వాన, కింద ఎక్కడో కొత్తగా పుట్టిన వాగు, రెండు చప్పుళ్ళూ కలిసి ఆ గదిలోనే మోగుతున్నాయి. రాతి కిటికీలో ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చునేంత చోటు. అక్కడ ఒక పాత దిండు ఉంది.

“ఈ దిండు ఎవరిది?”

“నాది.” ఆమె గొంతు తగ్గింది. “బేరం పోయిన రోజు ఇక్కడికొచ్చి కూర్చుంటా. ఈ గది ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.”

అన్నాక గానీ ఆ మాట ఆమెకే వినబడలేదు. ఇన్నాళ్ళూ ఈ ఇల్లు అమ్ముడుపోకపోవడానికి కారణం ఆ కారే మూల కాదు. బోర్డు మారాలని ఎంత కోరుకుందో, ఈ కిటికీ పోకూడదని అంతే గట్టిగా కోరుకుంది.

“కొంటాను,” అన్నాడతను.

ఆమె తలూపింది. గర్వపడాల్సిన క్షణం. దిండు వైపు చెయ్యి చాచింది. “దిండు తీసుకెళ్ళిపోతాలెండి.”

“ఉండనివ్వండి. తాళంచెవులు రెండు చేయించొచ్చు.”

ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“మీ పద్ధతిలోనే చెప్తాను,” అన్నాడతను నేల చూస్తూ. “చెప్పిన వాన పడకపోతే రెండ్రోజులు అన్నం సహించదు. కోపం వస్తే మాట్లాడను, తలుపులు మాట్లాడతాయి. గురక పెడతానని మా అక్క అంటుంది, నేనింకా ఒప్పుకోలేదు. గొడుగులు పోగొడతాను. ఇప్పుడు చూస్తున్నారుగా, తడిస్తే ఇలా ఉంటాను.”

“మంచిది ఒక్కటీ లేదా?”

“అది కొనేవాళ్ళు చూసుకోవాలి.”

ఆమె అతని వైపు చాలాసేపు చూసింది. ఒక ఇంటిని చూసినట్టే, పునాది నుంచి పైకప్పు దాకా. తర్వాత కిటికీలో దిండు పక్కకి జరిపింది. అక్కడ ఇద్దరు పట్టరు. అయినా జరిపింది.

ఇంటి కాగితాలు పూర్తయిన వారానికి నాన్న నిచ్చెన వేసుకుని బోర్డు దగ్గరికి ఎక్కాడు. పెయింటర్ని పిలుద్దామంటే వినలేదు. “తప్పు రాసింది నేను. దిద్దేదీ నేనే,” అన్నాడు. కింద నిచ్చెన పట్టుకున్న అతను ఆకాశం చూసి, “ఈరోజు వాన రాదండీ, నిశ్చింతగా రాయండి” అన్నాడు.

నాన్న కిందికి చూశాడు. “అమ్మా, బోర్డు మీద కప్పడానికి ఆ టార్పాలిన్ ఇలా అందించు.”

“వద్దు నాన్నా,” అంది. “రాదన్నాడుగా.”

నాన్న ఆ మాట విని కూతుర్నీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. ‘సన్’ చెరిపేసి ‘డాటర్’ అని రాశాడు. దాని పక్కన ఇంకో పేరు పట్టేంత చోటు ఖాళీగా వదిలి, ఎందుకని ఎవరూ అడగకముందే దిగిపోయాడు. దిగుతుండగానే మొదటి చినుకు పడింది.

చివరి అక్షరం కాస్త కిందికి జారింది. మర్నాడు దిద్దుతానని ఆయన కుంచె తీస్తే ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆఫీసుకి వచ్చే ప్రతి కొత్త మనిషికీ ఆమె ముందుగా ఆ అక్షరమే చూపిస్తుంది.

“వానలో రాసింది,” అంటుంది, తలెత్తి. “చూసుకోండి.”