ఆపే చెయ్యి

అయినా ఆ చిటికెనవేలు ఎందుకు? మిగతాదంతా ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు. అరచెయ్యి నేలకేసి తిప్పి, గాలిని అణిచినట్టు రెండుసార్లు కిందికి నొక్కటం ఎవరైనా చేసే పనే. పసిపిల్లని నిద్రపుచ్చిన ప్రతి తల్లీ చేస్తుంది. కానీ చిటికెనవేలు మిగతా నాలుగింటి నుంచి విడిపోయి, అలిగి దూరం జరిగినట్టు నిలబడటం లోకంలో ఒక్క చేతికే ఉంది. ఆ చెయ్యి ఇప్పుడు గరిటె పట్టుకుని పొయ్యి ముందు ఉంది.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాక గానీ ఆమె ఈ లోకంలోకి రాలేదు. మంట ఆర్పి, తడిగుడ్డతో తుడుస్తూ వేలి వంక చూసుకుంది. చిన్నతనంలో తలుపు సందులో పడి నలిగిన వేలు. ఎముక అతుక్కుంది గానీ వేలు తన వరసలోకి మళ్ళీ రాలేదు. నిన్న సాయంత్రం అదే వంకర, ఏ దెబ్బా తగలని కూతురి చేతికి వచ్చింది. అదీ నిండిన హాల్లో, వేదిక మీద.

కూతురు వాద్యమేదీ లేకుండా చేతులతోనే సంగీతం చేస్తుంది. సన్నని తీగలు కుట్టిన తొడుగులు రెండు వేసుకుంటుంది, బల్ల మీద అల్యూమినియం పెట్టె ఒకటి పెట్టుకుంటుంది. అంతే. చెయ్యి లేస్తే శబ్దం లేస్తుంది. మణికట్టు తిప్పితే మెలి తిరుగుతుంది. వేళ్ళు విప్పితే ముక్కలై చెదురుతుంది. తొడుగులు తనే కుట్టుకుంది, పెట్టె లోపలిదంతా తనే అతికించుకుంది. నాలుగేళ్ళుగా పక్క గదిలోనే సాధన. కానీ చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లే. కాబట్టి ఇన్నాళ్ళూ ఆమెకు కనిపించింది, చప్పుడు లేకుండా గాలిలో చేతులు ఊపుకుంటున్న పిల్ల మాత్రమే. "ఈగలు తోలటం అయితే భోజనానికి రా" అని పిలిచేది.

నిన్ననే మొదటిసారి విన్నది. చీకటి హాల్లో ఎక్కడో అడుగున సన్నగా మొదలైంది, లోతైన బావిలో ఎవరో ఊపిరి ఊదుతున్నట్టు. అది కూతురి చేతుల వెంట పైకి వచ్చింది, వెడల్పయింది, హాలంతా నిండింది. ఆమె చెంగు గట్టిగా పట్టుకుని ముందుకు వంగింది. నా పిల్ల అన్న గర్వం గొంతులోకి వస్తున్న సరిగ్గా ఆ క్షణంలో వేదిక మీద అరచెయ్యి కిందికి తిరిగింది. రెండు నొక్కులు. పక్కకు జరిగిన చిటికెనవేలు. శబ్దం చచ్చిపోయింది.

మళ్ళీ మొదలైంది, మళ్ళీ చంపేసింది. తీపి ఎక్కడ పుట్టబోతుందో అక్కడికి ఆ చెయ్యి ముందే వచ్చి కూర్చునేది. చివరికొచ్చేసరికి జనం శబ్దం కోసం కాదు, ఆ చెయ్యి ఎప్పుడు పడుతుందా అని బిగుసుకుని చూశారు.

ఫోన్ మోగింది. చెల్లెలు.

"నిద్ర పట్టిందా అక్కా?"

"ఎందుకు పట్టదు?"

"ఏం లేదులే. మీ మరిది పక్కనుంచి మోచేత్తో పొడిచాడు నన్ను, 'అదుగో మీ అక్క' అని. నవ్వాపుకోలేక చచ్చాననుకో. అచ్చు నువ్వే. మా పిల్లలు చిన్నప్పుడు మీ ఇంటికి రావాలంటే గడగడలాడేవాళ్ళు, గుర్తుందా?"

"పిల్ల ఏదో సైగ చేసింది. దాన్ని పట్టుకుని నువ్వు కథలల్లకు."

"నేనేమన్నాను? గుమ్మడికాయల దొంగంటే నువ్వే భుజాలు తడుముకుంటున్నావు."

ఆమె ఫోన్ పెట్టేసింది. వెనక బల్ల దగ్గర భర్త వచ్చి కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎంత కడిగినా గోళ్ళ కింద గ్రీజు నల్లగా ఉంటుంది. రొట్టెకు వెన్న రాస్తున్నాడు, కత్తి పళ్ళేనికి తగలకుండా. ఈ ఇంట్లో గిన్నెలూ చెంచాలూ కూడా అణకువగానే ఉంటాయి. దాని గురించి ఆమె ఏనాడూ ఆలోచించలేదు. ఇవాళ ఆ జాగ్రత్త కంట్లో నలుసులా పడింది.

"మీకు ముందే తెలుసా?" అంది.

"ఏది?"

"ఆ చెయ్యి."

"పెట్టె రేకు వంచిచ్చింది నేను. అందులో ఏం పెట్టుకుందో దానికే తెలియాలి."

"అడిగినదానికి సూటిగా ఒక్కసారి చెప్తే మీ సొమ్మేం పోతుంది?"

ఆయన వెన్న రాయటం ఆపలేదు. "తెలుసు" అన్నాడు.

ఆమె మారు మాట్లాడేలోగా పక్క గది తలుపు తెరుచుకుంది. కూతురు సూట్‌కేసు లాక్కుంటూ వచ్చి గోడకు ఆనించింది. దాని మీద మడతపెట్టిన దుప్పటి. ఒకటి రెండు రోజులకు వెళ్ళేవాళ్ళెవరూ దుప్పటి మోసుకుపోరు.

"ఇదేమిటి?"

"స్నేహితురాలి గ్యారేజీ మీద గది ఖాళీగా ఉందమ్మా. అక్కడ స్పీకర్లు పెట్టుకోవచ్చు. చెవుల్లో వాయించుకుని వాయించుకుని నాకే విసుగొచ్చింది."

"నన్ను నలుగురి ముందూ నిలబెట్టి ఆడించి, తెల్లారేసరికి పెట్టె సర్దావన్నమాట."

"నిన్ను ఎక్కడ నిలబెట్టాను? నీ పేరు కూడా ఎత్తలేదు."

"పేరెందుకు, వేలుంది కదా. మీ పిన్ని పొద్దున్నే ఫోన్ చేసి మరీ పుండు మీద కారం చల్లింది."

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది. లాగినప్పుడు కాళ్ళు నేలకు రాసుకుని కీచుమన్నాయి. ముగ్గురూ ఒకేసారి కుర్చీ వంక చూశారు.

"అమ్మా, ఎగతాళికి పెట్టలేదు. ఆపే సైగ మిగతా వాటితో కలవకూడదు. మామూలుగా చెయ్యి దించితే కూడా ఆగిపోతుందేమోనని భయపడుతూ వాయించలేం. ఎన్నో చూశాను. పిడికిలి పెట్టాను, వేళ్ళు ముడిచాను. ఏదో ఒకసారి పొరపాటున పడుతూనే ఉంది. నీదొక్కటే పడదు. ఆ చిటికెనవేలు అట్లా జరిపి, నొక్కి చెప్పాలంటే మనిషి కావాలని చెయ్యాల్సిందే."

"వచ్చే కచేరీకి అది తీసెయ్యి."

"తీసేస్తాను. ఇంకోటి ఇవ్వు."

"లోకంలో సైగలే కరువయ్యాయా?"

"ఆపటానికి వంద దొరుకుతాయిలే. మొదలుపెట్టటానికి ఏం చేస్తున్నానో చూశావా నిన్న?"

ఆమె చూడలేదు. చేతుల్నే చూసింది.

"కాలితో మీట నొక్కుతున్నాను. బల్ల కింద, జనానికి కనపడకుండా. ఇంత కట్టుకుని, ఇంత కుట్టుకుని, మొదలుపెట్టటానికి మాత్రం కాలి మీట. సిగ్గేస్తుంది. చేత్తో ఎందుకు చెయ్యలేదంటే, దేనికైనా ఒక చెయ్యి గుర్తు రావాలి కదా. కానీయ్ అని, ఇంకొంచెం అని. మన ఇంట్లో అట్లాంటి చెయ్యి నేను చూడలేదు."

"పొద్దస్తమానం ఆసుపత్రిలో చెవులు రిక్కించుకుని బతికేదాన్ని, ఇంటికొచ్చాక కాస్త ప్రశాంతంగా ఉండాలనుకోవటం నేరమా? నీ చదువుకీ, మీ నాన్న నడుము విరిగి మంచం మీద పడ్డప్పుడూ ఈ ఇల్లు గడిచింది..."

"ఎప్పుడూ ఇదే. నువ్వు చేసింది చెప్తావు. నీవల్ల ఆగిపోయింది ఏదని అడిగితే..."

ఆమె చెయ్యి లేచింది. అరచెయ్యి కిందికి తిరిగింది. ఒక నొక్కు నొక్కింది కూడా.

కూతురు నోరు తెరిచినట్టే ఉంది, మాట మాత్రం ఆగిపోయింది. ఇరవయ్యారేళ్ళ మనిషి, సొంత మాటల మధ్యలో, మీట కట్టేసినట్టు. గాలిలో ఉన్న తన చేతిని ఆమె తనే చూసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

భర్త సన్నగా నవ్వాడు. సంతోషంతో నవ్వింది కాదు. "పనిచేస్తోంది" అన్నాడు.

"మీరు కూడానా?"

"నన్నెందుకు లాగుతావు?"

"లాగాలి నాన్నా. చెప్పు ఆవిడకి" అంది కూతురు. "సరే, నేనే చెప్తాను. అమ్మా, నిన్న ఆ శబ్దం దేనితో చేశాననుకున్నావు?"

"నాకేం తెలుసు. ఏదో మిషను."

"నాన్న ఈల అది."

కుళాయి సరిగ్గా కట్టలేదు. చుక్కలు పడుతున్నాయి.

"ఆయన ఎప్పుడో మానేశారు కదా" అందామె.

"మానలేదు" అన్నాడు భర్త, తప్పు చేసినవాడిలా పళ్ళెం లోకి చూస్తూ. "పనిలో వేస్తాను. లిఫ్టు దిగే గుంట ఉంటుంది కదా, అడుగున నిలబడి వేస్తే పై అంతస్తు దాకా మోగుతుంది. అమ్మాయి వచ్చి రికార్డు చేసుకుంది. ఇక్కడెందుకులే అని..." మాట పూర్తి చేయలేదు. చాలా ఏళ్ళుగా పూర్తి చేయటం అలవాటు తప్పిన మనిషి.

"సాగదీశాను, కిందికి దింపాను. కానీ ఊపిరి తీసుకునే చోట అట్లాగే ఉంచాను" అంది కూతురు. "హాల్లో నిన్నే చూస్తూ ఉన్నాను. గుర్తుపడతావనుకున్నాను. నీ చెయ్యి గుర్తుపట్టావు. ఆయన ఈల గుర్తుపట్టలేదు."

భర్త లేచి పళ్ళెం కడిగి పెట్టాడు. పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుని, పోతూ పోతూ కూతురి నెత్తి మీద చెయ్యి వేసి, "బండి కావాలంటే మధ్యాహ్నం నేనే వస్తాను" అన్నాడు. తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాడు. గడియ పడే చివరి క్షణంలో వేలు అడ్డం పెట్టి, అది టక్కుమనకుండా మెల్లగా వదిలాడు. ఇన్నేళ్ళూ అలాగే వెళ్ళేవాడా? ఇవాళ మాత్రం ఆ చప్పుడు లేకపోవటం ఆమెకు వినిపించింది.

కూతురు తన గదిలోకి పోయింది. ఆమె బల్ల దగ్గరే ఉండిపోయింది.

ఆసుపత్రిలో ఆమె పని వినికిడి పరీక్షలు చేయటం. మందపాటి తలుపున్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దానికి ఇవతల నుంచి ఒక్కో శబ్దం పంపిస్తుంది. "వినిపిస్తే చూపుడువేలు ఎత్తండి. వినిపిస్తున్నంతసేపూ దించకండి. ఆగిపోయాక దించండి." రోజూ అవే మాటలు. శబ్దాన్ని మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ పోతుంది. వేలు దిగిన చోట ఆ మనిషి లోకం అయిపోయిందని లెక్క. కొందరు మాత్రం, ఎక్కువగా ముసలివాళ్ళు, శబ్దం పోయినా వేలు దించరు. వాళ్ళంటే ఆమెకు చికాకు. "లేనిదాన్ని వినకండి" అని కసురుతుంది.

చెవులంటే ఆమెకు తెలియనిదేముంది? అలాంటి మనిషికి మొగుడి ఈల తెలియలేదు.

ఒకప్పుడు తెలిసేది. పెళ్ళయిన కొత్తలో కింది మెట్ల నుంచే వేసుకుంటూ వచ్చేవాడు. మెట్ల వరసకొక చరణం, మలుపు దగ్గర ఊపిరి. అది విని ఆమె తలుపు తీసేది. మొదటిసారి ఎందుకు ఆపిందో ఇప్పుడు గుర్తులేదు. పిల్ల నిద్రపోతోందేమో. తనకు తలనొప్పేమో. కారణం పోయింది, చెయ్యి మిగిలింది. అసలు కారణం ఇంకా వెనక ఉందేమో. తన పుట్టింట్లో చప్పుడంటే తండ్రి తాగి వచ్చాడని. తలుపు సందులో వేలు నలిగింది అలాంటి రోజునే. పరిగెత్తి దాక్కుంటూ, తనే మూసుకున్న తలుపు. అరిస్తే దొరికిపోతానని అరవలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే అందరూ క్షేమం అని ఆ పూట ఒంటికి పట్టిందేమో, ఇక వదల్లేదు. ఈ మాట భర్తకు చెప్పలేదు, పిల్లకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తే సాకులాగే వినిపిస్తుంది. కొంతవరకు సాకే.

లేచి కూతురి గది గుమ్మం దగ్గరకు వెళ్ళింది.

కూతురు వీపు ఇటు పెట్టి, తీగలు చుట్టి సర్దుతోంది. మంచం ఉత్త పరుపుతో ఉంది. బల్ల మీద పెట్టె ఒక్కటే మిగిలింది. అతుకు ఏదో ఊడిందని అనుమానం వచ్చిందేమో, తొడుగు ఒకటి వేసుకుంది. హెడ్‌ఫోన్లు అప్పటికే సూట్‌కేసులోకి పోయాయి. ఒక్క క్షణం తటపటాయించి చిన్న స్పీకరు తగిలించింది. కాలితో మీట నొక్కింది.

చాలా సన్నగా వచ్చింది. ఇంట్లో ఉన్నందుకు భయపడుతున్నట్టు. చెయ్యి కొంచెం లేచింది, శబ్దమూ కొంచెం లేచింది. అడుగున, సాగిపోయి, బరువెక్కి, ఎవరిదో తెలియకుండా ఉన్న ఆ ధారలో ఒకచోట చిన్న తెంపు. మలుపు దగ్గర ఊపిరి.

ఆమె కుడిచెయ్యి దానంతటది నడుము దాకా లేచింది. అరచెయ్యి తిరగబోయింది. ఎదురుగోడ మీది అద్దంలో, గుమ్మంలో ఉన్న తల్లి చెయ్యి కనిపించి కూతురు బిగుసుకుంది. తొడుగు చెయ్యి అప్పుడే వెనక్కి ముడుచుకుంటోంది.

ఆమె వేళ్ళు ముడిచింది. చిటికెనవేలు మాట వినలేదు, దాన్ని బొటనవేలితో బలవంతాన లోపలికి అదిమి పట్టుకుంది. చూపుడువేలు ఒక్కటే పైకెత్తింది, తన దగ్గరకొచ్చే వాళ్ళందరూ ఎత్తినట్టు.

కూతురు వెనక్కి తిరగలేదు. అద్దంలోనే ఆ వేలిని చూసింది. చిన్నప్పుడు సెలవుల్లో ఆసుపత్రిలోని ఆ చిన్న గదిలో కూర్చుని, తల్లి పంపే శబ్దాలకు వేలెత్తిన పిల్లే. చెయ్యి ఒక మెట్టు దించింది. ఈల ఒక మెట్టు తగ్గింది. అద్దంలోకి చూసింది. వేలు పైనే ఉంది. ఇంకో మెట్టు దించింది. ఇంకోటి.

కుళాయి చుక్కలు ఈలకంటే పెద్దగా వినిపిస్తున్నాయి. వీధిలో ఏదో బండి పోయింది. ఈల ఇంకా ఉందో, ఎప్పుడో ఆగిపోయిందో ఆమెకు తెలియటం లేదు. కూతురి చెయ్యి బల్లకు దాదాపు ఆనింది.

ఆమె వేలు దించలేదు.