నాలుగో గుమ్మం గడప

రండమ్మా, ముందుకు రండి. వెనక గోడకు ఆనుకున్నవాళ్ళూ, కాస్త దగ్గరగా జరగండి. ఆ పరమాత్ముడు మనకింత చల్లటి నీడ ఇచ్చాడు. నీడ లేని కాలం కథ ఇది, వినండి.

ఆ కాలంలో ఉత్తరాంధ్ర తీరాన ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటింది. మధ్యాహ్నం ముప్పావుగంట నిలువెండలో ఉంటే మనిషి మిగలడు. అందుకని జనం కొండ తొలిచి లోపల చలువపురం కట్టుకున్నారు. దాని ఇనుప తలుపులకు తాళం లేదు, పిడి లేదు, ఒక కెమెరా కన్ను ఉంది. అది మీ ముఖం చూసి డేటాబేస్‌ని అడుగుతుంది: ఈ మనిషి మనవాడేనా?

డేటాబేస్ అంటే మరేం కాదు నాయనా, గళ్ళ పట్టికలు. ఒక పట్టికలో మనిషికో వరస, ఇంకో పట్టికలో గదులు, ఎవరు ఏ గదిలో అని రెంటినీ కలిపే నంబరు. ఆ పట్టికలు ఊళ్ళో ఉండవు. ఎక్కడో క్లౌడ్ కంపెనీ యంత్రాల్లో ఉంటాయి. బ్యాకప్ అని నకలు తీసి దాచడం, పాడైతే నిలబెట్టడం అన్నీ వాళ్ళే. "మనం రాసుకోవడమే, కాపలా వాళ్ళది" అని ఇంజనీరు జోగారావు గర్వంగా చెప్పుకునేవాడు.

నాలుగో గుమ్మం కాపలా ఎర్నమ్మది. అరవై దాటిన మనిషి. రోజూ పొద్దున్నే ఆ ఇనుప గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది. కొత్తగా వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటర్లో ఎక్కించే ముందు గోడ మీద సుద్దముక్కతో రాసుకునేది.

"క్లౌడుండగా గోడెందుకు ఎర్నమ్మా?" అని నవ్వేవాడు జోగారావు, టీ గ్లాసుతో గడప మీద నిలబడి.

"ముందు గడప దిగు బాబూ. గడప మీద నిలబడకూడదని మీ ఇంజినీరు సదువులో సెప్పనేదేటి?"

"ఏమవుతుంది? పట్టికలో పేరున్న మనిషి ఇక్కడ నిలబడితే తలుపు మూసుకోదు, అంతే. అలా చేశాం."

"తలుపు ఆగుద్ది. లచ్చిందేవి ఆగుద్దేటి? దిగు, దిగు."

ఒకనాడు తొమ్మిదింటికి, కాలిపోయిన పక్క ఊరి నుంచి పంతొమ్మిదిమంది వచ్చారు. ఎర్నమ్మ పేర్లు గోడ మీద రాసింది, కంప్యూటర్లో ఎక్కించింది. దారిలో వదిలేసిన మూటలు తెచ్చుకుంటామని వాళ్ళు మళ్ళీ బయటికి వెళ్ళారు.

పదకొండింటికి జోగారావు, ఊరు విడిచిపోయిన ఒకాయన పేరు తీసెయ్యబోయాడు. డిలీట్ అని రాశాడు. ఎవరిని అన్నది రాయడం మరిచాడు. మీట నొక్కాడు. ఊరంతా చెరిగిపోయింది, తలుపులన్నీ బిగుసుకున్నాయి.

బయట నీళ్ళ పైపుల పని నుంచి తిరిగొచ్చిన మూడువందలమంది నాలుగో గుమ్మం బాదుతున్నారు. జోగారావు ముందు రెండు దారులున్నాయి. పొద్దున ఆరుగంటల బ్యాకప్ పది నిమిషాల్లో వస్తుంది. పదకొండుకు ఒక్క నిమిషం ముందు దాకా కావాలంటే, మధ్యలో రాసినదంతా మళ్ళీ ఎక్కాలి, గంటన్నర.

అతని గది స్పీకర్లో ఎర్నమ్మ గొంతు: "బాబూ, జనం కూలిపోతన్నారు!"

"పది నిమిషాలు ఆగు."

"మరి పొద్దున్న నాను ఎక్కించినోళ్ళో?"

అతను ఆరుగంటల బ్యాకప్ తెచ్చాడు.

తలుపు తెరుచుకుంది. మూడువందలమందీ తోసుకుంటూ కిందనున్న నీళ్ళహాలుకు పరిగెత్తారు. వాళ్ళ వెనక, తలకు తడిగోనె కప్పుకుని, కొత్తవాళ్ళలో మొదటి ఆవిడ వచ్చింది. కెమెరా ఆమె ముఖం చూసింది. ఎరగనంది. తలుపు కదిలింది. ఎరగని ముఖం చూసి మూసుకుందంటే ఇక గంటదాకా ఎవరికీ తెరుచుకోదు.

ఎర్నమ్మ పసుపు గడప వంక చూసింది. "తప్పు కాయి తల్లీ" అని దండం పెట్టుకుని, గడప మీదికి ఎక్కి నిలబడింది.

"లోపలికి రా ఎర్నమ్మా! ఆ ఎండకు తట్టుకోలేవు!" నలుగురు లోపలికి చేరాక స్పీకర్లో అరిచాడు జోగారావు.

"గోడ మీద పంతొమ్మిది పేర్లున్నాయి బాబూ. నలుగురే వచ్చారు. నువ్వు రా, నాను దిగుతాను. గడప మీద నిలబడ్డం నీకు అలవాటే కదా."

"రెండో రిస్టోరు నడుస్తోంది, పదకొండు దాకా రాసినదంతా తిరిగి ఎక్కుతోంది. కదలడానికి లేదు" అన్నాడు జోగారావు. నిజానికి ఆ తెర ముందు అతను చేయాల్సిందేమీ లేదు. అంతా క్లౌడ్ వాళ్ళే చేస్తారు. అయినా కూర్చున్నాడు. ముప్పై శాతం, ముప్పై ఒకటి...

లోపలికి చేరిన కొత్తవాళ్ళకు నీళ్ళహాలు దారి తెలియదు, తామే ఆమె బదులు నిలబడబోయారు. వాళ్ళ ముఖాలకు తలుపు ఆగలేదు. ఎర్నమ్మ మళ్ళీ భుజం అడ్డుపెట్టింది. వాళ్ళు గుమ్మం పక్క కుండలోంచి ఆమె నెత్తిన నీళ్ళు పోస్తూ ఉన్నారు. మిగిలినవాళ్ళు పైపుల నీడలో ఆగుతూ ఒక్కొక్కరే వస్తున్నారు. ఆమె పేరు పేరునా లెక్క పెడుతోంది. పంతొమ్మిదో మనిషి లోపలికొచ్చాక కాలు తీసింది. తలుపు మూసుకుంది. ఆమె అక్కడే కూలింది, మళ్ళీ లేవలేదు.

డాక్టరు వచ్చి ఆమె చావును డేటాబేస్‌లో నమోదు చేశాడు. కాసేపటికి రెండో రిస్టోరు పూర్తయింది. పదకొండుకు ముందున్న ఊరు ఉన్నదున్నట్టు తిరిగొచ్చింది. పంతొమ్మిదిమందికీ వరసలు వచ్చాయి. పదకొండు తర్వాత డాక్టరు రాసింది చెరిగిపోయి, ఎర్నమ్మా బతికొచ్చింది, పట్టికలో.

దహనశాల తలుపు, పట్టికలో బతికున్నవాళ్ళకు తెరుచుకోదు. మర్నాడు తెల్లవారుతూనే మైకు పిలిచింది: "ఎర్నమ్మ గారూ, నాలుగో గుమ్మం, డ్యూటీ వేళయింది."

జోగారావు తెర ముందు కూర్చున్నాడు. డిలీట్ అని రాశాడు. ఎవరిని అన్నది ఈసారి రాశాడు. ఆ పేరు పైకి మూడుసార్లు చదివాడు. నొక్కాడు. ఒక వరస చెరిగింది అని తెర చెప్పింది. దహనశాల తెరుచుకుంది.

నెలాఖరుకు క్లౌడ్ కంపెనీ నివేదిక వచ్చింది. సేవకు అంతరాయం: పది నిమిషాలు. నష్టం: ఏమీ లేదు.

అమ్మలారా, అయ్యలారా, ఈ పట్టికల సంగతంతా మరిచిపోండి, ఫరవాలేదు. ఒక ముసలావిడ గడప మీద కాలు పెట్టి నిలబడింది, అది ఒక్కటి గుర్తుంచుకోండి. ఎవరి మీదైనా తలుపు మూసుకుపోవడం చూస్తే, మీరూ ఆ పని చేయండి.