మార్తత్త సూది పెట్టె

ఫ్రీజర్ తలుపు తీసిన సహస్ర కొయ్యబారిపోయింది.

మార్తత్త సూది పెట్టె మంచుతో తెల్లబడి, లోపలి గోడకు అతుక్కుపోయి ఉంది.

నిన్న సాయంత్రం సగం పుచ్చకాయ పెట్టడానికి కింద ఫ్రిజ్‌లో చోటు చాలలేదు. అందుకే పెట్టెను తీసి ఫ్రీజర్‌లోకి తోసేసింది. చల్లగా ఉండాలన్నారు కదా, ఇక్కడైతే ఇంకా చల్లగా ఉంటుంది అనుకుంది.

మార్తత్త తాండూరులో సహస్ర వాళ్లింటి కింది వాటాలో అద్దెకు ఉంటుంది. కిడ్నీలు సరిగా పనిచేయక ఆమె ఒంట్లో రక్తం తక్కువగా తయారవుతోంది. నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం. వికారాబాద్ ఆస్పత్రిలో రక్తం పెరిగే సూదులు ఇస్తారు. వారానికొకటి ఇక్కడే వీధి చివరి క్లినిక్‌లో వేయించుకుంటుంది. ఆమెకు ఫ్రిజ్ లేదు. అందుకే సూది వీళ్ల ఫ్రిజ్‌లో ఉంటుంది. ఈ నెలకు మిగిలింది అదొక్కటే.

సహస్ర పెట్టె విప్పి చూసింది. గాజు గొట్టంలో మందు గడ్డకట్టింది. రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. చేతులు తిమ్మిరెక్కాయి. కాసేపటికి మందు మళ్లీ నీళ్లలా అయింది. చూస్తే ఏమీ తేడా లేదు.

పెట్టెలో పెట్టేసి, కింది అరలో ఎప్పుడూ పెట్టే చోటే ఉంచింది.

అప్పుడే మార్తత్త మెట్లెక్కి వచ్చింది. గుమ్మం పట్టుకుని, రొప్పు తగ్గేదాకా ఆగింది.

"సూది తియ్యి బిడ్డా. సిస్టర్ తొందరగ రమ్మన్నది."

సహస్ర పెట్టె అందించింది. మార్తత్త వేళ్లు ఆమె చేతికి తగిలాయి.

"గింత సల్లగున్నయేంది చేతులు? జొరమొచ్చిందా?"

ఆ చేతులను తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దింది. సహస్రకు తలెత్తబుద్ధి కాలేదు.

"ఏం లేదత్తా."

మార్తత్త గోడ పట్టుకుని దిగి వెళ్లిపోయింది.

సహస్ర బ్యాగు తగిలించుకుని బడికి బయల్దేరింది. వీధి మలుపు దాకా వెళ్లింది. రుద్దిన చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. వెనక్కి తిరిగి క్లినిక్ వైపు పరుగెత్తింది.

లోపల మార్తత్త జాకెట్ చెయ్యి పైకి మడిచి కూర్చుంది. మహేశ్వరి సిస్టర్ దూది తడుపుతోంది.

"సిస్టర్, ఆగున్రి! అది... అది ఫ్రీజర్ల పెట్టిన. గడ్డకట్టింది. మల్ల కరిగిచ్చిన."

సిస్టర్ సూదిని పక్కన పెట్టేసింది.

"ఒక్కసారి గడ్డకట్టినంక గిది పనికి రాదు. కరిగినా అంతే. తెల్వక ఏస్తుంటి. రక్తం ఎందుకు పెరుగుతలేదో డాక్టర్‌కు కూడా సమజ్ కాకపోయేది."

మార్తత్త చెయ్యి కిందికి దించుకుంది.

"నిన్న తెల్వక పెట్టినవ్. పొద్దుగాల తెల్సింది గద బిడ్డా. నా చేతికిచ్చెటప్పుడు ఎందుకు చెప్పలే?"

సహస్ర బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

సోమవారం మార్తత్త కొత్త సూది కోసం వికారాబాద్ రైలెక్కింది. సాయంత్రం సహస్ర పైనుంచి చూస్తూనే ఉంది. కొత్త సూది పెట్టెతో గేటు తీసి వచ్చిన మార్తత్త రెండో మెట్టు మీద కూలబడింది. సహస్ర నీళ్ల గ్లాసుతో కిందికి పరుగెత్తింది. మార్తత్త తాగి లేచి, ఇంకో ఆరు మెట్లెక్కి మళ్లీ కూర్చుంది. సహస్ర కూడా పక్కనే కూర్చుంది. తన వల్లనే కదా ఈ తిరుగుడంతా అనుకుంది.

అమ్మ మనోరమ గుమ్మంలోనే ఎదురైంది.

"మస్తు తప్పయింది వదినా. ఇగ దీన్ని ముట్టనియ్య. నేనే పెడ్త, గిటు ఇయ్యి."

మార్తత్త పెట్టె అమ్మకివ్వలేదు. సహస్ర వైపు చాచింది.

"నువ్వే పెట్టు. ఏడ పెట్టాల్నో తెల్సు గద ఇప్పుడు."

సహస్ర తీసుకోబోయి ఆగింది.

"కింది అరలనే గద అత్తా? తలుపుకున్న అరల పెట్టొచ్చా?"

"వద్దు. నడుమ పెట్టు."

నడుమనే పెట్టింది. సూది వేయించుకోవాల్సింది గురువారం.

బుధవారం సహస్ర బడి నుంచి వచ్చేసరికి కరెంటు లేదు. అమ్మ పొలం నుంచి ఇంకా రాలేదు. ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి, తెరిస్తే చల్లదనం పోతుందని వెనక్కి తీసుకుంది. తప్పు తనది కాదు. కాసేపట్లో కరెంటు రావచ్చు కూడా. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి, మార్తత్త తలుపు తట్టింది.

"అత్తా, కరెంటు పోయింది. ఎప్పటిసంది లేదో తెల్వది. ఫ్రిజ్ తెరవలే. సిస్టర్‌ను అడిగొస్తనా?"