కొండకింద బావి పిలుపు

ఆల్జియర్స్ నావికులకి తుఫానంటే లెక్కలేదు, ఫిరంగులంటే లెక్కలేదు. ఆ కొండకింద బావి పేరెత్తితే మాత్రం గుటకలు మింగుతారు. చీకటిపడితే అది తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట... పలికారా, ఇక అంతే సంగతులు!

ఆ మాట పుట్టించింది ఓడ పెద్ద షాబానే. అందరికీ ఆయన రయీస్. మూడు యుద్ధనౌకలు వెంటపడ్డా మీసం మెలేస్తూ తప్పించుకున్న మొండిఘటం.

చివరి మనిషి పడవెక్కాకే రయీస్ ఎక్కాలి — ఓడ కట్టుబాటు అది. కిందటేడు మంచినీళ్ల కోసం ఆ బావి దగ్గర దిగినప్పుడు శత్రువుల తెరచాపలు కనబడగానే ఆయన ముందే దూకి ఎక్కేశాడు. తెడ్లేసే ఖద్దూర్ తమ్ముడు అల్లాల్ ఇంకా బావి దగ్గరే ఉన్నాడు.

"అన్నా! ఆగన్నా...!" ఒడ్డు నుంచి అల్లాల్ కేక.

"వాడు కాదురా ఖద్దూర్, అది బావి. పోనివ్వు!" అన్నాడు రయీస్.

ఖద్దూర్ పోనిచ్చాడు. ఆ కేక మాత్రం అతని చెవుల్లోంచి పోలేదు.

ఈ ఏడు మళ్లీ అదే రేవు. ఓడలో పీపాలు ఎండిపోయాయి. నీళ్లు దొరక్కపోతే తెల్లారేసరికి శవాలు లేస్తాయి.

"పిరికి సన్నాసుల్లారా, నేనుండగా మీకు భయమేంట్రా?" అంటూ రయీసే ముందు దిగాడు. "ఒకటి గుర్తుంచుకోండి. నేను ఎక్కాక ఏ గొంతు పిలిచినా — నా గొంతే అయినా సరే — పడవ ఆపొద్దు."

గబగబా తోలుతిత్తులు నింపుకుని అందరూ పడవలోకి పరిగెత్తారు. ఆఖరి తిత్తి కోసం రయీస్ ఆగాడు.

కాసేపటికి వచ్చాడు... ఆయన అంగీయే, తల మీద ముసుగు, భుజాన తిత్తి. మాటా పలుకూ లేకుండా వెనకబల్ల మీద కూర్చున్నాడు. పడవ కదిలింది.

అప్పుడు ఒడ్డు నుంచి —

"ఒరేయ్ ఖద్దూర్! ఆపరా! నేనింకా ఇక్కడే ఉన్నానురా!"

అచ్చం రయీస్ గొంతు. తెడ్లు ఆగిపోయాయి. అందరూ ముసుగు మనిషి వైపు చూశారు.

ఆయన ముందుకి వంగి ఖద్దూర్ చెవిలో మెల్లగా అన్నాడు —

"అది రయీస్ కాదు... బావి. పోనివ్వన్నా."

అన్నా...! ఆ పిలుపు అల్లాల్‌ది. ఒడ్డున కేక ఏడుపైంది. అతను కళ్లు మూసుకుని తెడ్డు బలంగా లాగాడు.

ఓడ చేరాక చూస్తే వెనకబల్ల మీద మనిషి లేడు. ఉన్నది అంగీ, దాన్నిండా ఇసుక. పక్కన తిత్తి నిండా మంచినీళ్లు.

అందరూ తాగారు. ఖద్దూరూ తాగాడు.