మగ్గం గుంతల అమ్మ

వాడకట్టులో అందరూ స్వరూపను చూసి కుళ్ళుకునేవాళ్ళు. ఆమె మూడేళ్ళ బిడ్డ మనస్విని ఏడ్వనే ఏడ్వదు మరి. పొద్దున ఆరింటికి తల్లి చౌటుప్పల్ మందుల కంపెనీ బస్సెక్కితే ఏడ్వదు, సాయంత్రం దిగితే ఎదురు రాదు. "ఎంత బుద్ధిమంతురాలమ్మా!" అని మెచ్చుకోని ఇల్లు లేదు. స్వరూప కూడా మురిసిపోయింది, పిచ్చిది.

అంగన్‌వాడీ టీచర్ రోజారమణి మాత్రం మురవలేదు. "మొన్న పడి మోకాలు చీరుకపోయినా అమ్మా అనలేదు స్వరూపా. గీ వయసు పిల్ల తల్లి కోసం ఏడ్వాలె. ఏడుస్తలేదంటే పిల్లకు నువ్వు అలవాటు కాలేదన్నట్టు. జర పట్టించుకో," అంది.

ఆ రాత్రి స్వరూపకు అన్నం సహించలేదు. ఎట్లయినా బిడ్డను దగ్గర చేసుకోవాలనుకుని ఆదివారం ఓవర్‌టైముకు పోకుండా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం మబ్బు పట్టి కరెంటు పోయింది. చూస్తే పిల్ల లేదు. మగ్గమున్న అర్రలోంచి నవ్వు వినిపించింది. మామ పోయినప్పటి నుంచి ఆ మగ్గం మీద ఎవరూ కూర్చోలేదు. లోపల తడిమట్టి వాసన. నేసేవాళ్ళు కాళ్ళు దింపుకునే గుంత అంచున మనస్విని బోర్లా పడుకుని, చేతులు లోపలికి చాపి గుసగుసలాడుతోంది.

"ఎవలతోని ముచ్చట బిడ్డా?"

"అమ్మతోని."

"అమ్మను నేను గదనే!"

పిల్ల తలెత్తి చూసింది. "నువ్వు బస్సామెవు."

స్వరూప కేకకు అత్త ఉప్పలమ్మ గడపదాకా వచ్చి ఆగింది.

"ఏం నేర్పినవత్తా దీనికి?"

"మొదట్ల నువ్వు పోతే ఊపిరి పట్టి ఏడ్చేది. మీ అమ్మ యాడికి పోలేదు, గుంతల కూసుండి నేస్తాందని చెప్పి గీడ పండవెట్టిన. నాలుగు దినాలకు..." ముసలామె గొంతు తగ్గించింది. "లోపల్నుంచి జోకొట్టిన సప్పుడు విన్న. పిల్ల ఊకుంటాంది గదా అని... నేనూ ఊకున్న."

స్వరూప బిడ్డను లాగి ఎత్తుకుంది. అప్పుడు ఏడ్చింది మనస్విని. అబ్బో, ఏం ఏడుపది! గుంత వైపు చేతులు చాపి, "అమ్మా... అమ్మా..." తల్లి చెంపలు గోళ్ళతో చీరేసింది.

కింద చీకట్లో తొక్కుడు చెక్క కదిలింది. టక్... టక్...

ఆగింది.

పిల్ల ఏడుపు కూడా ఆగింది. మెల్లగా స్వరూప భుజం మీద తల పెట్టింది. పుట్టి బుద్ధెరిగినంక ఇదే మొదటిసారి. "నా తల్లే, నా బంగారమే!" అని స్వరూప ఏడుస్తూ ముద్దులు పెట్టుకుంది.

"రేపు బస్సుకు పోతవు గదా?" పిల్ల ఆమె చెవిలో అడిగింది.

స్వరూప పెదాలకు ఏదో తడిగా, తియ్యగా తగిలింది. బిడ్డ మూతి తుడిచి చూసుకుంది. పాలు... ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

స్వరూపకు పాలు ఎండిపోయి రెండేళ్ళయింది.